టైరు షాపులో హబ్ పాడైందా? మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు, జవాబులు

విజయవాడ, గుంటూరుల్లో కార్లున్న తెలిసినవాళ్ల నుంచి ఎప్పుడూ ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. టైర్లు మార్పించాం, లేదా పంక్చర్ వేయించాం, ఇప్పుడు నట్టు పట్టడం లేదు, స్టీరింగ్ ఊగుతోంది, చక్రంలోంచి సౌండ్ వస్తోంది, ఏం చేయాలి అని. అందరికీ పనికొస్తుందని ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న కావాలంటే అదే చదువుకోవచ్చు, వరసగా చదవక్కర్లేదు. హబ్ అంటే చక్రాన్ని బిగించే గుండ్రటి ఇనుప భాగం, స్టడ్‌లు (వీల్ నట్లు ఎక్కే మర కడ్డీలు) దానికే ఉంటాయి, బేరింగ్ (చక్రం తేలిగ్గా తిరగడానికి లోపల గుండ్లు ఉండే రింగు) దాని వెనకే ఉంటుంది. అక్కడ ఏది దెబ్బతిన్నా దాన్ని మార్పించుకోవాలి తప్ప, ఇంకాస్త గట్టిగా బిగించి పంపిస్తే ఒప్పుకోవద్దు.

## షాపు నుంచి వచ్చేశాక అనుమానం వస్తే

ఒక వీల్ నట్టు మిగతావాటికంటే బయటికి కనిపిస్తోంది. షాపు అబ్బాయి గట్టిగానే ఉందన్నాడు, నడపొచ్చా?

నడపొద్దు. వంకరగా ఎక్కిన నట్టు మరల మధ్య ఇరుక్కుపోతుంది, పానా వేసి చూస్తే కదలదు కాబట్టి గట్టిగా ఉన్నట్టే అనిపిస్తుంది, కానీ దాని ముందుభాగం చక్రం రంధ్రంలో కూర్చోదు, అంటే ఆ నట్టు చక్రాన్ని పట్టుకోవడమే లేదు. ఫోన్ టార్చ్ వేసి పక్కనుంచి చూడండి. నట్టుకీ రిమ్ముకీ మధ్య సన్నటి నల్ల గీతలా సందు కనిపిస్తే, లేదా నట్టు ఒకవైపు వాలినట్టు ఉంటే, బండి అక్కడే ఉంచి మెకానిక్‌ని పిలిపించుకోండి.

మంగళగిరి దాటాక చక్రంలోంచి టకటకమని మొదలైంది, మెల్లగా ఇంటిదాకా వెళ్లిపోవచ్చా?

వద్దు. హజార్డ్ లైట్లు వేసి, సడన్‌గా బ్రేకు కొట్టకుండా స్పీడు తగ్గించుకుంటూ ఎడమవైపు ఆపండి. కారులో ఉన్న పానాతో నట్లన్నీ చూడండి. వదులుగా ఉంటే ఎదురెదురు నట్లు వరసగా బిగించి, దగ్గర్లో ఉన్న షాపుదాకా మెల్లగా వెళ్లొచ్చు, అదీ స్టడ్‌లన్నీ బాగుంటేనే. స్టడ్ తెగినా, రిమ్ము రంధ్రం కోడిగుడ్డులా సాగినట్టు కనిపించినా ఇక నడపడం లేదు, టోయింగే. జాతీయ రహదారి మీద ఉంటే 1033కి ఫోన్ చేయండి.

నాలుగు నట్లలో ఒకటి పట్టడం లేదని మూడే బిగించి పంపారు. రెండు రోజులు ఆగి చేయించుకోవచ్చా?

ఆగొద్దు. చిన్న కార్లకు ఉండేవే నాలుగు స్టడ్‌లు, అందులో ఒకటి లేకపోతే దాని బరువు పక్క రెండింటి మీద పడుతుంది, అవి కూడా అదే గన్నుతో (నట్లు బిగించే మెషిన్‌తో) అదే చేతుల మీదుగా బిగించినవే. స్టడ్ ఖరీదు వందల్లోనే. ఆటోనగర్‌లో ఏ ఫ్రంట్ వీల్ పని చేసేవాళ్లయినా ఒక పూటలో మార్చేస్తారు. షాపులోనే ఉండగా ఇది తెలిస్తే అక్కడినుంచి బండి తీయకుండా మాట్లాడటం అన్నిటికంటే మంచిది.

80 దాటితే స్టీరింగ్ ఊగుతోంది. బ్యాలెన్సింగ్ సరిగా చేయలేదా, హబ్ పోయిందా?

ముందు బ్యాలెన్సింగ్ మళ్లీ చేయించండి, చవకైన పని, చాలాసార్లు అదే కారణం. అయినా తగ్గకపోతే ముందు చక్రాలను వెనక్కి, వెనకవి ముందుకి మార్చి నడిపి చూడండి. ఊగడం స్టీరింగ్ వదిలేసి సీటులోకి వచ్చిందంటే తప్పు చక్రంలోనో టైరులోనో ఉంది. ఏమీ మారకుండా స్టీరింగే ఊగుతుంటే హబ్ ముఖం (చక్రం ఆనే చదునైన భాగం), బ్రేకు డిస్క్ చూడాలి. బ్రేకు నొక్కినప్పుడే ఊగి, పెడల్ కూడా కాలి కింద కొట్టుకుంటుంటే డిస్క్ వంకర తిరుగుతున్నట్టు. డిస్క్ వెనక హబ్ మీద తుప్పు పెళ్ల ఇరుక్కున్నా ఇదే లక్షణం, కొత్త డిస్క్ కొనే ముందు పాతది తీసి వెనక చూడండి. బియ్యపు గింజంత తుప్పు ముక్క చాలు, డిస్క్ మొత్తాన్ని పక్కకి ఒరిగేలా చేయడానికి.

గుయ్‌మని సౌండ్ వస్తోంది. కొత్త టైర్ల సౌండా, బేరింగా?

టైరు సౌండ్ రోడ్డును బట్టి మారుతుంది, సిమెంటు రోడ్డు మీద ఒకలా, తారు రోడ్డు మీద ఒకలా. బేరింగ్ సౌండ్ రోడ్డు మారినా మారదు, స్పీడుతోపాటు పెరుగుతుంది. ఖాళీ రోడ్డు దొరికినప్పుడు మామూలు స్పీడులో కొంచెం కుడికి, కొంచెం ఎడమకి తిప్పి చూడండి. కుడికి తిప్పినప్పుడు బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది, అప్పుడు సౌండ్ పెరిగితే చాలా వరకు ఎడమవైపు బేరింగే. పట్టేసిన చక్రాన్ని ఊడదీయడానికి హబ్ మీదో డిస్క్ మీదో సుత్తితో కొడితే ఆ దెబ్బ లోపలి గుండ్లకు తగిలి, గుండ్లు తిరిగే దారిలో సొట్టలు పడతాయి. సౌండ్ ఆ రోజే రావచ్చు, కొన్ని వారాల తర్వాత కూడా రావచ్చు.

టైర్లు మార్చాక ఏబీఎస్ (బ్రేకు కొట్టినప్పుడు చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) లైటు ఆరడం లేదు, ఇది కూడా వాళ్ల పనేనా?

అయ్యుండొచ్చు. చక్రం వేగం కొలిచే సెన్సార్ వైరు హబ్ పక్కనుంచే పోతుంది, జాకీ పెట్టేటప్పుడు నలిగినా, కనెక్టర్ ఊడినా లైటు వస్తుంది. ముందు వైరు చూపించుకోండి, వైరు బాగుంటేనే స్కానర్ పెట్టించండి.

## విప్పి చూసేటప్పుడు

నట్టు పోయిందా, స్టడ్ పోయిందా ఎలా తెలుస్తుంది?

అదే సైజు కొత్త నట్టు ఒకటి తెచ్చి, స్టడ్ మీద వేళ్లతో మాత్రమే తిప్పండి. చివరిదాకా హాయిగా వెళ్లిపోతే స్టడ్ బాగానే ఉంది, పాత నట్టే పోయింది. మొదట్లోనే పట్టేస్తే ముందు మరలు దెబ్బతిన్నాయి. మొదట సాఫీగా వెళ్లి మధ్యలో బిగుసుకుంటే స్టడ్ సాగింది, గన్నుతో అవసరానికి మించి లాగడం వల్ల ఇలా అవుతుంది, ఇది కంటికి కనపడదు కాబట్టి చాలామంది వదిలేస్తారు. పాత నట్టు లోపల కూడా ఒకసారి చూడండి, తళతళలాడే సన్నటి తీగలాంటి ఇనుప ముక్కలు చుట్టుకుని ఉంటే అవి మీ స్టడ్ మరలే.

నట్లన్నీ ఒకేలా ఉంటాయి కదా, వేరే కారు నట్టు వేస్తే ఏమవుతుంది?

ఇక్కడే ఎక్కువ స్టడ్‌లు పోతున్నాయి. చాలా మారుతి కార్లకు 12 బై 1.25 (12 మిల్లీమీటర్ల లావు, మరకీ మరకీ మధ్య 1.25 మిల్లీమీటర్లు), చాలా హ్యుందాయ్, హోండా, టయోటాలకు 12 బై 1.5. లావు ఒకటే, మరల మధ్య దూరమే వేరు, పక్కపక్కన పెట్టినా తేడా కంటికి దొరకదు. గ్లాంజా మీద టయోటా బొమ్మ ఉన్నా అది బలెనో కారే కాబట్టి మారుతి నట్లే పడతాయి, టయోటా నట్టు కాదు. తప్పు నట్టు వేస్తే చేత్తో రెండు మూడు చుట్లు తిరిగి ఆగిపోతుంది. చేత్తో పెట్టినవాడు అక్కడ ఆగి చూస్తాడు. గన్నుకు ఆ తేడా తెలియదు, మరలు చెక్కుకుంటూ లోపలికి తోసేస్తుంది. షాపులో నట్లన్నీ ఒకే డబ్బాలో వేసుకునే అలవాటు ఉంటే మీ నట్లు విడిగా ఒక గుడ్డలో పెట్టమనండి.

నట్టు ఎటు తిప్పినా తిరుగుతూనే ఉంది, బిగుసుకోదు, ఊడిరాదు. ఏం చేయాలి?

స్టడ్ వెనక సన్నటి పళ్లు ఉంటాయి, హబ్ రంధ్రంలో అవి గట్టిగా పట్టుకుని ఉండాలి. నట్టు ఇరుక్కున్నాక గన్ను ఆపకుండా పట్టుకుంటే ఆ పళ్లు అరిగిపోయి స్టడ్ మొత్తం తిరగడం మొదలవుతుంది. ఇలాంటప్పుడు నట్టును కోయాలి, లేదా స్టడ్ మధ్యలోంచి డ్రిల్ వేసి తీయాలి. అల్లాయ్ రిమ్ము అయితే గ్రైండర్ తగిలి రంధ్రం అంచు పోయే ప్రమాదం ఉంది, అందుకని పంక్చర్ షాపులో కాకుండా లేత్ పని తెలిసినవాళ్ల దగ్గర తీయించండి. తీశాక హబ్ రంధ్రంలోకి కొత్త స్టడ్ పెట్టి చూడాలి. చేత్తో నెడితే చివరిదాకా దూరిపోతే ఆ రంధ్రం వదులైనట్టు, హబ్ మార్చాల్సిందే.

హబ్ వంకర పోయిందో లేదో ఎలా కొలుస్తారు?

డయల్ గేజ్‌తో, అంటే సన్నటి తేడాల్ని కూడా ముల్లుతో చూపే కొలత సాధనంతో. చక్రం, డిస్క్ తీసేసి, హబ్ ముఖం వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, గేజ్ ముల్లు ఆనించి హబ్‌ని మెల్లగా ఒక చుట్టు తిప్పుతారు. హద్దు ఎంతో ఆ కారు మాన్యువల్‌లో ఉంటుంది, చాలా కార్లకు 0.05 మిల్లీమీటర్ల దగ్గర్లోనే ఉంటుంది. తుప్పు తీయకుండా కొలిస్తే ఆ లెక్కకు విలువ లేదు. చేత్తో తిప్పి చూసి వంకర ఉందనో లేదనో చెప్తే నమ్మకండి, అంత చిన్న తేడా ఎవరి కంటికీ అందదు.

మా కారు బుడమేరు వరదలో మునిగింది. అప్పటినుంచి చక్రం హబ్‌కి పట్టేస్తోంది, షాపువాళ్లు సుత్తితో కొట్టి తీస్తున్నారు. వేరే దారి లేదా?

ఉంది. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లలో నిలిచిన బండ్లకు ఈ ఇబ్బంది వస్తోంది, హబ్ మధ్య బొడిపెకీ రిమ్ముకీ మధ్య తుప్పు పట్టి అతుక్కుపోతుంది. బండి నేలమీద ఉండగా ఆ చక్రం నట్లు ఒక్క అర చుట్టు మాత్రమే వదులు చేసి, చదునైన చోట నడక వేగంలో రెండడుగులు ముందుకీ వెనక్కీ కదిలిస్తే బండి బరువుకే పట్టు వదులుతుంది. అంతకు మించి వదులు చేయొద్దు, అలా రోడ్డెక్కొద్దు. అప్పటికీ రాకపోతే తుప్పు వదిలే ద్రవం కొట్టి, కాసేపు ఆగి, టైరు వెనకవైపు చెక్కముక్క ఆనించి కొట్టొచ్చు, దెబ్బ రబ్బరు మీద పడాలి, హబ్ మీద కాదు. నీళ్లలో ఉన్న కారుకు బేరింగ్ సౌండ్ వస్తే తప్పంతా టైరు షాపు మీద వేయడం కూడా న్యాయం కాదు, నీళ్లు దూరిన బేరింగ్ ఎలాగూ పోతుంది.

## రిపేరు చేయించేటప్పుడు

డై (మరలు కోసే పనిముట్టు) వేసి మరలు సరిచేస్తే చాలదా, స్టడ్ ఎందుకు మార్చాలి?

మొదటి ఒకటి రెండు మరలు మాత్రమే నలిగి ఉంటే సరిచేసుకోవచ్చు, అదీ మరల్ని సర్దే పనిముట్టుతో. మామూలు డై ఇనుమును కోస్తుంది, కోసినకొద్దీ మర పల్చబడుతుంది. అంతకుమించి పోతే, లేదా స్టడ్ సాగితే, డైతో బాగుచేయడానికి అక్కడ ఇనుము మిగలదు. వందల రూపాయల వస్తువు కోసం ఈ బేరం వద్దు. ఒక స్టడ్ తెగిపోయి ఉంటే ఆ హబ్‌కి ఉన్న స్టడ్‌లూ నట్లూ అన్నీ మార్పించండి, పక్కవి కూడా అంతే లాగబడి ఉంటాయి.

స్టడ్ మార్చాలంటే హబ్ మొత్తం విప్పాలా?

కారును బట్టి ఉంటుంది. కొన్నిటికి కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం), డిస్క్ తీసి హబ్‌ని తిప్పుకుంటే వెనక ఒకచోట స్టడ్ బయటికి రావడానికి జాగా దొరుకుతుంది. కొన్నిటికి నకిల్ (హబ్‌ని, బేరింగ్‌ని పట్టుకుని ఉండే ఇనుప భాగం) అడ్డం వస్తుంది, అప్పుడు విప్పాల్సిందే. జాగా ఉన్నా పాత స్టడ్‌ని పెద్ద సుత్తితో బాదనివ్వొద్దు, ఆ దెబ్బ బేరింగ్ తింటుంది. కొక్కెం లాంటి పుల్లర్‌తో నొక్కి తీయొచ్చు. కొత్తది లోపలికి లాగడానికి వాషర్లు పేర్చి, పాత నట్టు ఒకటి వేసి, పానాతో మెల్లగా తిప్పాలి, వెనక తల హబ్‌కి పూర్తిగా ఆనేదాకా. అలా లాగడానికి వాడిన నట్టును మళ్లీ చక్రానికి వాడకూడదు. హబ్ ఎలాగూ బయటికి వస్తే ప్రెస్‌లో ఎక్కించడమే మంచిది, తిన్నగా కూర్చుంటుంది.

స్టడ్ వెనక చిన్న వెల్డింగ్ పెడితే తిరగదంటున్నారు, పెట్టించమంటారా?

వద్దే వద్దు. వీల్ స్టడ్ వేడిచేసి గట్టిపరిచిన ఇనుము. వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం పోయి, అతికిన చోట పెళుసుబారుతుంది, తెగితే తల దగ్గరే తెగుతుంది. పైగా ఆ వేడి పక్కనే ఉన్న బేరింగ్ గ్రీజుకీ సీలుకీ తగులుతుంది. అప్పటికి చక్రం బిగుస్తుంది కాబట్టి బాగైపోయిందనిపిస్తుంది. పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద తిరిగే బండికి ఈ పని చేయించుకోవద్దని ఎవరడిగినా చెప్తాను.

నాది పోలో. స్టడ్‌లు లేవు, బోల్టులే. హబ్ లోపల మర పోయిందంటున్నారు.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో మర హబ్‌లోనే ఉంటుంది, బోల్టు 14 బై 1.5. లోపలి మర పోతే రంధ్రం పెద్దది చేసి ఉక్కు బుష్ లాంటి థ్రెడ్ ఇన్సర్ట్ వేసే పద్ధతి ఉంది, తిన్నగా, సరైన సామానుతో వేస్తే నిలుస్తుంది. కానీ హబ్ దొరికేటప్పుడు హబ్ మార్చడమే నా సలహా. ఇంకో సంగతి, కంపెనీ బోల్టు తల కింద గుండ్రంగా ఉంటుంది, బయట కొన్న అల్లాయ్‌లకు ఎక్కువగా కోన్ ఆకారం కావాలి. ఒకదాని బదులు ఇంకోటి వేస్తే అంచు మీదే ఆని, కొన్నాళ్లకు వదులవుతుంది. పొడవు ఎక్కువైన బోల్టు వెనక భాగాలకు తగులుతుంది, కాబట్టి బిగించాక చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి.

హబ్ మారిస్తే బేరింగ్ కూడా మార్చాలా? బాగానే ఉంది కదా.

బేరింగ్ నకిల్‌లోకి ప్రెస్ చేసి ఉండే కార్లకైతే మార్చాలి. హబ్‌ని బయటికి నొక్కినప్పుడు బేరింగ్ లోపలి రింగు హబ్‌తోపాటు ఊడి వస్తుంది, ఆ బేరింగ్ పని అక్కడితో అయిపోయినట్టే. దాన్ని తిరిగి కొట్టి ఎక్కిస్తామంటే అక్కడ చేయించకండి. హబ్, బేరింగ్ కలిసి ఒకే యూనిట్‌గా బోల్టులతో బిగించే కార్లకు ఈ తలనొప్పి లేదు, యూనిట్ మొత్తం మారుతుంది. ఏబీఎస్ ఉన్న చాలా కార్లకు బేరింగ్ ఒకవైపు అయస్కాంతపు రింగు ఉంటుంది, అది సెన్సార్ వైపే రావాలి, తిరగేసి ప్రెస్ చేస్తే పని మళ్లీ మొదటికి వస్తుంది. డ్రైవ్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తితో చక్రాన్ని తిప్పే కడ్డీ) నట్టు కొత్తది వేయించండి, అది పూర్తిగా బిగించేదాకా బండి బరువు చక్రం మీద పడకూడదు.

ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ హబ్ దొరుకుతోంది, వేయించొచ్చా?

కొత్తది దొరక్కపోతేనో, పాత మోడల్ అయితేనో వేయించొచ్చు. అక్కడే చూసుకోవాల్సినవి ఉన్నాయి. బేరింగ్ కూర్చునే చోట గీతలు, నీలం రంగు మరకలు ఉండకూడదు, నీలం ఉంటే బాగా కాలిందని అర్థం. స్టడ్‌ల వెనక వెల్డింగ్ గుర్తులు ఉండకూడదు. షాఫ్ట్ దూరే పళ్లు పదునుగా ఉండాలి. స్టడ్‌లు ఎలా ఉన్నా కొత్తవి వేయించుకోండి, బిగించాక డయల్ గేజ్ పెట్టించండి. బేరింగ్ మాత్రం సెకండ్స్‌లో కొనొద్దు.

## మళ్లీ బిగించేటప్పుడు

ఎంత టార్క్ (నట్టును తిప్పి బిగించే బలం) పెట్టాలి? గన్నుతో బిగిస్తే తప్పేంటి?

మీ కారు మాన్యువల్‌లో రాసినంతే. చాలా కార్లకు అది 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. నట్లు దగ్గరికి తేవడానికి గన్ను వాడితే ఇబ్బంది లేదు, అదీ మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతో తిప్పాకే. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో తెలిపే పానాతో), ఎదురెదురుగా, చక్రం నేలకు ఆనుతుండగా చేయాలి. పానా మీద నిలబడి తొక్కడం, గొట్టం తొడిగి లాగడం, ఇవన్నీ గన్ను చేసే పనే చేస్తాయి.

స్టడ్‌లకు గ్రీజు రాస్తే మళ్లీ పట్టేయదు కదా?

రాయకండి. రాపిడి తగ్గి, అదే టార్క్‌కి స్టడ్ ఎక్కువ లాగబడుతుంది. హబ్ మధ్యలో రిమ్ము కూర్చునే బొడిపె చుట్టూ మాత్రం పల్చగా యాంటీ సీజ్ పూత పూయొచ్చు, చక్రం పట్టేయకుండా ఉంటుంది. హబ్ ముఖం శుభ్రంగా, పొడిగా ఉండాలి.

అల్లాయ్ మధ్యలో ఉండే ప్లాస్టిక్ రింగు షాపులో పోయింది, అవసరమా?

అవసరమే. బయట కొన్న అల్లాయ్ మధ్య రంధ్రం పెద్దగా ఉంటుంది, ఆ సందు నింపి చక్రాన్ని మధ్యలో కూర్చోబెట్టేది ఆ రింగే. లేకపోతే బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా ఊగొచ్చు.

అంతా అయ్యాక మళ్లీ చూపించాలా?

50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో ఒకసారి చూపించండి, కొత్త స్టడ్‌లు వేసినప్పుడు ఇది తప్పనిసరి. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లి వస్తే సరిపోయే దూరం. ఒకే నట్టు మళ్లీ మళ్లీ వదులవుతుంటే బిగించుకుంటూ పోకుండా విప్పి చూడమనండి.

## షాపుతో మాట్లాడటం

మా పని కాదు, ముందే పోయింది అంటున్నారు. ఎలా నిరూపించాలి?

పాత స్టడ్, నట్టు, బేరింగ్ పారేయనివ్వకుండా అడిగి తీసుకోండి. విప్పేటప్పుడు ఫోటోలు, వీడియో తీయండి, తేదీ ఉన్న బిల్లు దాచుకోండి. ఏం పాడైందో, ఎందువల్ల పాడైందో రిపేరు చేసిన మెకానిక్ చేత బిల్లు మీదే రాయించుకోండి. ఇవి చేతిలో పెట్టుకుని ముందు ఓనర్‌తోనే నెమ్మదిగా మాట్లాడండి, పని చేసిన కుర్రాడితో కాదు. ఆ కుర్రాళ్లకు ఎవరూ సరిగా నేర్పరు, టార్క్ రెంచ్ కొనిపెట్టాల్సింది ఓనరే.

అస్సలు ఒప్పుకోకపోతే?

1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం రెండేళ్లలోపు వెళ్లాలి. షాపుకు మీరు కట్టింది 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వేసుకోవచ్చు. బిల్లు లేకుండా చేయించిన పనికి మాత్రం ఇదంతా కష్టం, అందుకే పంక్చర్‌కైనా బిల్లు అడగండి.

ఈసారి టైర్లు మార్పించేటప్పుడు ఏం చెప్పాలి?

పని మొదలవ్వకముందే చెప్పండి: "తమ్ముడూ, నట్లు ముందు చేత్తో పెట్టు, గన్ను తర్వాత. హబ్ ఒకసారి బ్రష్ కొట్టు. చివర్లో టార్క్ రెంచ్ వెయ్యి." పక్కనే నిలబడి చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు. టార్క్ రెంచ్ లేదంటే గన్నుతో పూర్తిగా బిగించొద్దని చెప్పి, చివర్లో చేతి పానాతో మామూలుగా బిగించమనండి, అక్కడినుంచి టార్క్ రెంచ్ ఉన్న చోటికి తీసుకెళ్లి సరిచూపించుకోండి.